కింది అర

ఫిబ్రవరి 3

ఒరేయ్ చిన్నోడా,

మేమంతా బాగున్నాం, నువ్వూ మరదలూ బాగుండే ఉంటారు. ఆ ముక్క రాసేశాను కాబట్టి ఇక అసలు సంగతికొస్తాను.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. నేను సగం చెప్పేలోపు మిగతా సగం నువ్వే చెప్పేసి, దానికి జవాబు కూడా నువ్వే ఇచ్చేసి, సరే అక్కా ఉంటాను అంటావు. కాగితం మీదైతే అడ్డు రాలేవు. అదీగాక పొద్దున్నే మా ఫోన్లన్నీ కొట్టు గేటు దగ్గర డబ్బాలో పడేయాలి. తిరిగి చేతికొచ్చేసరికి నాకు మాట్లాడే ఓపిక ఉండదు.

నువ్వు పంపిన సర్వే కార్డు చూశాను. ఇంటింటికీ వెళ్ళి, మనిషికుండే హక్కుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనదేది అని అడగడానికి కూడా ఉద్యోగాలుంటాయని నాకు తెలీదు. మీ బావ కార్డు లాక్కుని పైకి చదివాడు. తిండి, ఇల్లు, వైద్యం, చదువు, పని, ఓటు, నచ్చిన దేవుణ్ణి మొక్కుకోవడం, మనసులో మాట చెప్పడం, కోర్టులో న్యాయంగా విచారణ. అంతా చదివి, వేళకి టీ అడిగే హక్కు ఇందులో లేదే అన్నాడు. ఆ హక్కు ఉంది, పొయ్యి కూడా అక్కడే ఉంది అన్నాను.

నన్నూ ఒకటి ఎంచుకోమన్నావు. నాది నీ కార్డు మీద లేదురా. నాకు కూర్చునే హక్కు కావాలి.

వేళాకోళం కాదు. మా బట్టల కొట్టు నీకు తెలుసు, నేనుండేది పరదాలూ దుప్పట్ల కౌంటర్లో. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా అమ్మేవాళ్ళెవరూ కూర్చోకూడదు. బేరాలున్నా లేకున్నా అంతే. గోడకి ఆనుకోకూడదు, బల్ల మీద మోచెయ్యి పెట్టకూడదు. మేం కూర్చుంటే కొట్టు కునుకు తీస్తున్నట్టు కనిపిస్తుందని ఓనరు గారి నమ్మకం. పైన కెమెరా ఉంటుంది, కింద సూపర్‌వైజరు ఉంటాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు నీడ, ఎప్పుడొచ్చి వెనక నిలబడతాడో తెలియదు కనక.

అందుకని మేం ఒక ఉపాయం కనిపెట్టుకున్నాం. ప్రతి కౌంటర్ వెనకా నేలకి ఆనుకుని ఒక అర ఉంటుంది, అందులో పాత రకం తానులు పడి ఉంటాయి. కాళ్ళు పీక్కుపోతుంటే, కింది అర చూసొస్తాను అంటాం. అంటే వంగి, మెల్లిగా నేల మీద చతికిలబడి, చేత్తో తానులు అటూ ఇటూ కదుపుతూ ఉంటామన్నమాట. చెయ్యి కదులుతున్నంతసేపూ కెమెరాకి మేం పనిలో ఉన్నట్టే. పక్క కౌంటర్ మనిషి కాపలా కాస్తుంది, తర్వాత వంతు తనది. కొత్తగా చేరిన పిల్లకి బట్ట కొలవడం కన్నా ముందు మేం నేర్పేది ఇదే. ఎవరైనా వచ్చి ఇంకా వేరే రకాలున్నాయా అని అడిగితే మాకు ప్రాణం లేచొస్తుంది.

నీ కార్డులో ఖాళీ ఉంటే రాసుకో.

నీ అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

మూడు వీధులు తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే నీ ఉత్తరం చదివాను. నీ మరదలి చేత కూడా చదివించాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

నా పని సంగతి చెబుతాను విను. జనం తలుపు తీయగానే ముందు నా చేతిలో సంచీ చూస్తారు. ఏమీ అమ్మను మహాప్రభో అని చెప్పుకోవడంతోనే సగం ఓపిక అయిపోతుంది. ఆ తర్వాత కార్డు చేతికిస్తే మాత్రం ఎవరికి వాళ్ళు జడ్జీలైపోతారు. ఒక మంగలాయన కుర్చీలో మనిషికి సగం గడ్డం గీసి, అలాగే ఆపి, హక్కుల్లో ముఖ్యమైనది మాట్లాడే హక్కని అరగంట చెప్పాడు. సబ్బు మొహంతో కూర్చున్నాయన మాట్లాడే వీలు లేక కళ్ళతోనే ఒప్పుకున్నాడు. ఎక్కువమంది వైద్యం అంటున్నారు, ఆ తర్వాత తిండీ చదువూ. కోర్టులో న్యాయంగా విచారణ మాత్రం అందరికీ ఆఖరు. అది దొంగలకి కావలసింది గానీ మాకెందుకు బాబూ అంటారు. రోజూ అదే మాట వినీ వినీ నాకు విసుగొచ్చేసింది.

నీ జవాబు వృథాగా పోనివ్వలేదు. 'ఇతరములు' అని ఒక గడి ఉంది, అందులో పూర్తిగా రాసి, నీ ఉత్తరంలో ఆ కింది అర భాగం ఆఫీసులో చదివి వినిపించాను. మా డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచొచ్చి, ఇన్ని వేల జవాబుల్లో ప్రాణమున్న జవాబు ఇదొక్కటే అన్నారు. నాకు ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

అసలు నీకు కూర్చోవడమే కష్టమైతే బిల్లులు రాసే బల్లకి మార్చమని అడగొచ్చుగా? అక్కడ కుర్చీ ఉంటుంది. నాన్న పోయినప్పుడు పిలిచి మరీ నీకు ఉద్యోగమిచ్చిన ఓనరు గారు, నువ్వు ఒక్క మాట అడిగితే కాదంటారా? మొహమాటమైతే చెప్పు, నేను మాట్లాడతాను.

బావ మోకాలికి నూనె రాస్తున్నాడా?

తమ్ముడు

మార్చి 4

చిన్నోడా,

మీ బావ మోకాలు బాగానే ఉంది. బాగాలేనిది నా బుర్ర.

సోమవారం కొట్టు తెరిచేసరికి వడ్రంగులు దిగి ఉన్నారు. సాయంత్రానికి అన్ని కౌంటర్ల కింది అరలూ పీకేసి, ఆ చోటంతా పలకలతో మూసేసి మేకులు కొట్టేశారు. ఎదురు గోడకి నిలువుటద్దం బిగించారు, మేం వంగితే అందులో వీపు కనబడేలా. నీడ మా వరస ముందు నడుస్తూ, ఇక కింద వెతుక్కోవలసిన పని లేదమ్మా, మీకు శ్రమ తప్పించాం అన్నాడు.

ఇన్నేళ్ళుగా బయటికి పొక్కని సంగతి ఎలా పొక్కిందంటే నాకు ఒక్క మనిషే కనబడుతోంది. తువ్వాళ్ళ కౌంటర్లో ఉండేదాన్ని మేం గంట అని పిలుస్తాం, దాని నోట్లో నువ్వుగింజ నానదు. పోయిన నెల నీడ దాన్ని గోడౌనుకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. ఏమిటని అడిగితే తువ్వాళ్ళ లెక్క అంది. అరలు పీకేసినప్పటి నుంచి దానితో మాట మానేశాను. మిగతావాళ్ళూ మానేశారు. అది పక్కనే నిలబడి ఏడుస్తుంటే చూడనట్టు దుప్పట్లు మడత పెట్టుకున్నాను.

బిల్లుల బల్లకి మారమన్నావు. నేను సరిగ్గా రాయలేదో, నువ్వు సరిగ్గా చదవలేదో. నాకొక్కదానికి కుర్చీ కావాలని కాదురా. నేను బిల్లుల దగ్గర కూర్చుని వీళ్ళ కాళ్ళ వంక చూస్తూ ఉండాలా?

అరలు పోయాక ఇక దాక్కోవడానికేముంది. మూడో అంతస్తు వాళ్ళతో కూడా మాట్లాడి అందరం కలిసి ఒక అర్జీ రాసి సంతకాలు పెట్టాం, గంట తప్ప. కౌంటర్‌కొక స్టూలు వేయండి, బేరం లేనప్పుడు కూర్చుంటాం, ఇంతే. ఓనరు గారి గదికి నేనే తీసుకెళ్ళాను. ఆయన చదవకుండానే మడిచి పక్కన పెట్టి, మనమంతా ఒక ఇల్లు, ఇంట్లో అర్జీలేమిటమ్మా అన్నారు. ఇల్లయితే కూర్చునేవాళ్ళం కదండీ అన్నాను. ఆయన మొహంలో రంగు మారింది.

లేబర్ ఆఫీసుకి వెళ్దామని నిర్ణయించుకున్నాను. మీ బావ వెళ్ళమన్నాడు. నీకు చదువుకున్నవాళ్ళు తెలుసు కనక ఇలాంటి వాటికి చట్టంలో ఏముందో కనుక్కుని రాయి. నీ సాయం నాకు అంతే కావాలి.

నీ అక్క

మార్చి 13

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, వెనకా ముందూ చూడవు. బడిలో టీచరు పక్కమ్మాయిని కొట్టిందని చాక్‌పీసుల డబ్బా దాచేసి, నాన్నని స్కూలుకి రప్పించింది నువ్వే కదా.

కాస్త చల్లగా ఆలోచించు. నేను రోజూ తలుపులు తడుతున్నాను. పని పోయినవాళ్ళ ఇళ్ళెలా ఉంటాయో నాకు తెలుసు. వాళ్ళని ఏ హక్కు ముఖ్యమని అడిగితే కార్డు చూడను కూడా చూడరు, పని అంటారు. పిల్లది చదువు మధ్యలో ఉంది, బావ సంపాదన ఎప్పుడూ ఒకేలా ఉండదు. స్టూలు కోసం ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుంటానంటే నేను చూస్తూ ఊరుకోలేను. నువ్వు లేబర్ ఆఫీసులోకి అడుగు పెట్టకు. చేయవలసినది నేను చేశాను. అంతా సర్దుకుంటుంది, నిశ్చింతగా ఉండు.

ఇదిగో, నీ మనసు తేలికపడేది ఒకటి పంపుతున్నాను. మా డైరెక్టరు గారు సర్వే గురించి పేపర్లో పెద్ద వ్యాసం రాశారు. పోయిన నెలాఖరులో వచ్చింది, కత్తిరించి దాచి ఉంచాను. ఎర్ర సిరాతో గీత గీసిన చోట చూడు. నీ పేరు లేదు గానీ పరదాల కౌంటరూ, కింది అరా, కాపలా, వంతులూ అన్నీ నువ్వు రాసినవి రాసినట్టే ఉన్నాయి. ఇక్కడ దాన్ని చదవనివాళ్ళు లేరు. బావకి చూపించు, పటం కట్టిస్తాడు.

తమ్ముడు

మార్చి 21

చిన్నోడా,

నీ కవరు శుక్రవారం పొద్దున వచ్చింది. పేపరు ముక్క బ్యాగులో పెట్టుకుని, భోజనాల వేళ చూద్దామని కొట్టుకి వెళ్ళాను.

మాకు రోజూ షట్టర్ ఎత్తేముందు అందరినీ వరసగా నిలబెట్టి నాలుగు మాటలు చెబుతారు. ఆవేళ చెప్పడానికి ఓనరు గారే వచ్చారు, చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని. మీ అందరి అర్జీ తెచ్చిన మనిషి ఇంట్లోవాళ్ళే ఏమన్నారో వినండి అని పైకి చదివారు. 'మా అక్కది పుట్టుకతో దుడుకు స్వభావం. ఏదో ఆవేశంలో చేసింది. మీ సొంత చెల్లెలనుకుని క్షమించండి. ఇకమీదట ఇలాంటివి జరగకుండా చూసే బాధ్యత నాది.' కింద నీ సంతకం. అదీ చదివారు.

నేల చీలితే బాగుండుననిపించింది. చుట్టూ నాకన్నా చిన్నవాళ్ళు. నా మాట నమ్మి సంతకం పెట్టినవాళ్ళు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే వెళ్ళి అర్జీలో తమ పేరు కొట్టేయించుకున్నారు. వాళ్ళని తప్పు పట్టలేను. ముందుండే మనిషికి ఇంట్లోనే మాట చెల్లదని తెలిశాక ఎవరు నిలబడతారు? నన్ను పరదాల దగ్గర్నుంచి తీసేసి వీధి గుమ్మంలో వేశారు. వచ్చేవాళ్ళకి తలుపు తీయడం, నమస్కారం పెట్టడం.

భోజనాల వేళ నీ పేపరు ముక్క తీసి చదివాను.

అప్పుడు తెలిసింది, అరలు పీకించింది ఎవరో. గంట కాదు. నేనే, నీ ద్వారా. దాన్ని అందరి ముందూ వెలివేశాం కనక అందరి ముందే క్షమాపణ అడగాలని, మెట్ల దగ్గర అది డబ్బా కడుక్కుంటుంటే వెళ్ళి చేతులు పట్టుకున్నాను. అది నా చేతులు విదిలించుకుని, డబ్బా కడుక్కోనివ్వండి అంది.

ఒరేయ్, నీ కార్డు మీద బోలెడు హక్కులున్నాయి. నన్ను అడక్కుండా నా తరఫున క్షమాపణ చెప్పే హక్కు అందులో ఎన్నోది? నా ఉత్తరం నేను నీకు రాశాను, పేపరుకి కాదు. నేను చట్టం కనుక్కోమన్నాను, నువ్వు నన్ను అప్పగించేశావు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంతకన్నా రాస్తే చెడ్డ మాటలొస్తాయి.

లేబర్ ఆఫీసుకి ఒక్కదాన్నే వెళ్ళాను. కాగితం ఇచ్చి వచ్చాను. కొన్నాళ్ళు నాకు రాయకు.

అక్క

మార్చి 27

అక్కా,

రాయవద్దన్నావు, అయినా ఈ నాలుగు ముక్కలు రాయాలి. నీ మంచి కోరే రాశాను. ఓనరు గారు అందరి ముందూ చదువుతారని నేను కలగన్నానా? పేపరు వ్యాసం మా డైరెక్టరు గారిది, నాది కాదు. తమ్ముడన్నవాడు ఆమాత్రం చొరవ తీసుకోకూడదంటే ఇక చుట్టరికాలెందుకు? నువ్వు నన్ను ఇంత మాట అంటావనుకోలేదు.

తమ్ముడు

ఏప్రిల్ 9

అక్కా,

పోయిన ఉత్తరం చింపేయి. నీ మరదలు అది పోస్టు చేయకముందే చదివి, ఇది పంపితే మీ అక్క ఇంకెప్పుడూ నీకు రాయదు అంది. అయినా మొండిగా పంపాను. ఆమె చెప్పినట్టే అయింది.

నిన్న జరిగింది చెబుతాను. మా సర్వేకి ఒక నియమం ఉంది. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్ళనే అడగాలి. వేరే ఎవరూ పలకకూడదు. నిన్న ఒక ఇంట్లో అలా వంతు వచ్చింది ఒక పెద్దావిడకి. కార్డు చేతికిచ్చి చదివి వినిపించాను. ఆవిడ వేలు పెట్టి ఏదో చూపించబోతుంటే పక్క గదిలోంచి కొడుకు, మా అమ్మకి వైద్యం అని రాసుకోండి, ఆవిడకి ఇవన్నీ తెలియవు అన్నాడు. నేను వైద్యం అని రాసేశాను. కొత్తగా చేరిన అమ్మాయి నా వెంట పని నేర్చుకోడానికి వచ్చింది. వీధిలోకి వచ్చాక, ఆవిడ వేలు ఓటు మీద ఉంది కదండీ అంది.

ఆ అమ్మాయి ఏదో తప్పు పట్టాలని అనలేదు, మామూలుగానే అడిగింది. ఎన్ని ఇళ్ళలో ఇలా రాసి ఉంటాను? ఆడవాళ్ళ బదులు మొగుళ్ళు చెప్పినవి, పెద్దవాళ్ళ బదులు పిల్లలు చెప్పినవి. అడ్డు చెబితే మర్యాదగా ఉండదని, త్వరగా అయిపోతుందని, వినపడిన గొంతే రాసుకుంటూ వచ్చాను. వైద్యం మొదటి స్థానంలో ఉందని నీకు గొప్పగా రాశాను. అది ఎవరు చెప్పిన వైద్యమో నాకే తెలియదు.

వెనక్కి వెళ్ళి మళ్ళీ తలుపు తట్టాను. మీ అమ్మగారే చెప్పాలండీ, దయచేసి మీరు కాసేపు లోపలుండండి అన్నాను. కొడుకు మొహం మాడ్చుకుని వెళ్ళాడు. ఆవిడ చాలాసేపు కార్డు చూసి, నా పేరు జాబితాలో ఉంది, కానీ వీళ్ళు తీసుకెళ్ళరు బాబూ, ఎండ అంటారు, నడవలేవంటారు అంది. ఓటు అని రాసుకున్నాను. వీధి చివరికొచ్చాక నువ్వు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నేను నీకు చేసింది సరిగ్గా అదే. ఇందులో మంచి కోరడం ఏమీ లేదు. నీ గొంతు నొక్కి, నీ బదులు నేను పలికాను. తప్పు నాది. అనుమానం ఉన్న ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్తానని ఆఫీసులో చెప్పాను. డైరెక్టరు గారికి అది నచ్చలేదు. అయినా వెళ్తున్నాను.

లేబర్ ఆఫీసులో విచారణ ఎప్పుడో చెప్పు. నేనొచ్చి అధికారి ముందు అంతా వివరిస్తాను. ఆ ఉత్తరం ఎందుకు రాశానో, నువ్వెంత కష్టపడ్డావో, అన్నీ చెబుతాను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 18

చిన్నోడా,

మరదలికి నా ఆశీర్వాదం చెప్పు. ఈసారి నుంచి పోస్టు చేసేముందు ఆమె మాట విను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం సగం పోయింది. మిగతా సగం ఆఖరి నాలుగు లైన్లు చదివాక మళ్ళీ వచ్చింది. చూసుకో, తప్పంతా ఒప్పుకుని, కాగితం చివరికొచ్చేసరికి మళ్ళీ నువ్వే వచ్చి నువ్వే మాట్లాడతానంటున్నావు.

విచారణ మే నెల మొదటి బుధవారం. రావాలనుంటే రా. వెనక కూర్చో. నోరు విప్పకు.

నీవల్ల నాకు ఒక్కటే కావాలి. నువ్వు రాసింది నువ్వే రద్దు చేయాలి. ఓనరు గారికి ఇంకో ఉత్తరం రాసి, దాని నకలు లేబర్ ఆఫీసుకి పంపు. అందులో క్షమాపణలొద్దు, నా మంచితనం గురించి పొగడ్తలొద్దు. మా అక్కని అడక్కుండా రాశాను, ఆ మాటలు ఆవిడవి కావు, ఆవిడ మాట ఆవిడే చెబుతుంది. ఇంతవరకే.

నేనిప్పుడు గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళకి తలుపు తీస్తున్నాను. ఓనరు గారు ఇది శిక్ష అనుకున్నారు గానీ పనివాళ్ళందరూ లోపలికీ బయటికీ పోయేది నా పక్కనుంచే. ఒక్కొక్కరితో రోజుకో మాట పడుతోంది. నిన్న గంట వచ్చి, విచారణకి నేనూ వస్తాను, కానీ మిమ్మల్ని క్షమించానని అనుకోకండి అంది. అలాగే అన్నాను. దాని వెనక ఇంకొందరు కదులుతున్నారు. ఒక్కదాన్నే మిగిలినా నేను వెనక్కి తగ్గను.

అక్క

ఏప్రిల్ 26

అక్కా,

నువ్వు చెప్పినట్టే రాసి పంపాను. మొదట రెండు పేజీలైంది. నీ మరదలు చదివి కొట్టేస్తూ పోతే ఐదు వాక్యాలు మిగిలాయి.

మళ్ళీ వెళ్ళిన ఇళ్ళలో జవాబులు మారుతున్నాయి. ఒకావిడ, ఎవరూ అడక్కుండా లోపలికి రాని గది కావాలంది. అది కూడా ఒక హక్కేనని చెబితే నిజమా అని ఆశ్చర్యపోయింది. ఏది మొదటి స్థానంలో నిలుస్తుందో ఇప్పుడు చెప్పలేను. డైరెక్టరు గారు పేపరు వ్యాసం గురించి నా ముందు నొచ్చుకున్నారు గానీ నీకు రాయమంటే నీళ్ళు నమిలారు.

బుధవారం వస్తాను. వెనక బెంచీలో ఉంటాను.

నీ తమ్ముడు

జూన్ 2

చిన్నోడా,

విచారణ రోజు నువ్వు సాయంత్రం బస్సుకి పరిగెత్తావు. ఫ్యాను చప్పుడులో సగం వినపడలేదన్నావు కనక చెబుతున్నాను.

ఓనరు గారి వకీలు ముందు నీ మొదటి ఉత్తరమే చదివాడు. అధికారి గారు, జలుబుతో ముక్కు తుడుచుకుంటూనే, నీ రెండో ఉత్తరం తీసి తనే చదివారు. వకీలు వెంటనే, ఇది కుటుంబ వ్యవహారం మేడం, ఈ ఇంట్లోవాళ్ళకే ఒక మాట మీద నిలకడ లేదు అన్నాడు. ఆవిడ ఫైలు మూసి, ఈమె తరఫున మాట్లాడేవాళ్ళెవరైనా వచ్చారా అని హాలంతా చూశారు.

నేను ముందు చూసింది నీకేసి. నువ్వు సగం లేచావు. బెంచీ కిర్రుమంది. నీ నోరు కూడా తెరుచుకుంది, నేను చూశాను. ఆ తర్వాత మళ్ళీ కూర్చుండిపోయి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నావు. పుట్టిన దగ్గర్నుంచీ నిన్ను చూస్తున్నాను గానీ, నీమీద నాకంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

ఎవరూ లేరండీ, నా మాట నేనే చెబుతాను అన్నాను.

ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. కింది అర గురించి దాపరికం లేకుండా చెప్పాను. దాని ముందు కూర్చున్న ప్రతిసారీ దొంగతనం చేస్తున్నట్టుండేదని, ఇన్నేళ్ళ పనిలో నేను దొంగిలించింది ఆ కూర్చోవడం ఒక్కటేనని చెప్పాను. మా కొట్టులో ఇలాంటి ఫిర్యాదు ఇంకెవరికీ లేదని ఓనరు గారు అన్నారు. వెనక నుంచి గంట, నాకుంది అంది. దాని గొంతు నీక్కూడా వినపడే ఉంటుంది, వీధిలోకి వినపడింది. తర్వాత మా కౌంటర్లోనే ఉండే దుప్పట్ల పిల్ల లేచింది, మూడో అంతస్తు వాళ్ళు లేచారు. పేర్లు కొట్టేయించుకున్నవాళ్ళే. ఆపైన సంగతి నీకు తెలుసు.

పోయిన వారం ఆర్డరు వచ్చింది. కౌంటర్‌కొక స్టూలు వేయాలి, బేరం లేని వేళ సిబ్బంది కూర్చోవచ్చు. నన్ను పరదాల దగ్గరికి మార్చాలని కూడా ఉంది. స్టూళ్ళు నిన్న వచ్చాయి. ఓనరు గారు మాతో మాట్లాడ్డం మానేశారు, అది నాకు పెద్ద లోటు కాదు.

కానీ చూడు, ఇంత చేసి తెచ్చుకున్న స్టూళ్ళ మీద నిన్న ఒక్కరూ కూర్చోలేదు. అందరం వాటి పక్కనే నిలబడ్డాం, పేరంటానికి వచ్చినా పీట దొరకనివాళ్ళలా. నేనూ అంతే. అలవాటు అంత చెడ్డది. రాత్రి మీ బావతో చెబితే, ఇక రేపు కూర్చోకపోతే ఆ స్టూలు ఇంటికి తెచ్చేయి, నాకు పనికొస్తుంది అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాయి. గంట నాకేసి చూసింది. దుప్పట్ల పిల్ల చూసింది. నేను స్టూలు ముందుకి లాక్కున్నాను. దాని కాలు గచ్చు మీద గీసుకుని పెద్ద చప్పుడైంది. కూర్చున్నాను. ఆ కొట్టుని నిలబడి చూశాను, నేల మీద నుంచి చూశాను. ఈ రెండింటికీ మధ్య నుంచి చూడడం అదే మొదటిసారి.

నీడ తిన్నగా నా కౌంటర్‌కే వచ్చాడు. కాసేపు నిలబడి, ఏమ్మా, కాళ్ళు నొప్పులా, ఒంట్లో బాగాలేదా అన్నాడు.

"ఒంట్లో బాగానే ఉందండీ," అన్నాను. "కూర్చున్నాను."

నీ అక్క